చేగోడీ ఆగిన చోటు

సాయంత్రం టీ వేళకి మా స్టాఫ్ రూములో ఎవరో ఒకరు చేగోడీల పొట్లం విప్పుతారు. నిన్నా అంతే. కెమిస్ట్రీ ల్యాబుకి రావలసిన గ్యాస్ సిలిండర్ ఇంకా రాలేదని నేను ఫోనులో ఏజెన్సీ అతనితో మామూలుగానే మాట్లాడుతున్నాను. నా వెనక ఎవరి పళ్ళ కిందో చేగోడీ కరకరమంది. అంతే, నా గొంతు నా ప్రమేయం లేకుండా పైకి లేచింది. అవతల అతను హడలిపోయి, కోప్పడకండి మేడమ్, రేపు పొద్దున్నే పంపిస్తానండి అన్నాడు. నాకు కోపమేమీ లేదు, కానీ ఆ సంగతి అతనికి చెప్పలేదు. సిలిండర్ ఇవాళ పొద్దున్నే వచ్చింది. చేగోడీ చప్పుడు వినబడితే గొంతు పెంచడం నాకు ఇన్నేళ్ళుగా అలవాటు. ఆ అలవాటు చేసినావిడ రజియా మేడమ్.

ఆవిడ మాకు డిగ్రీలో కెమిస్ట్రీ చెప్పేవారు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక టైలరు గారి పెద్దమ్మాయి. పొట్టి మనిషి, బోర్డు పైసగం ఆవిడకి అందదు కాబట్టి మా క్లాసులో ఆ సగం ఎప్పుడూ నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఆవిడ గొంతెత్తి ఎవరినీ తిట్టగా నేను వినలేదు, అయినా గోల చేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆవిడ తిట్టరు, ప్రశ్న అడుగుతారు. దానికి జవాబు చెప్పేసరికి మన తెలివి ఏపాటిదో క్లాసందరికీ తెలిసిపోతుంది. చేతిసంచిలో ఒక గొడుగు, ఒక గుండ్రటి స్టీలు డబ్బా తప్పకుండా ఉండేవి. ఆ డబ్బానిండా చేగోడీలు. వాళ్ళ వీధిలో ఒక పెద్దావిడ వేయించి అమ్మేదట. నువ్వులు తగిలించిన బియ్యప్పిండి చేగోడీలు, ఒకటి కొరికితే పక్కగదిలోకి వినబడేవి. మా అందరికీ ఆవిడంటే భయం. నాకు మాత్రం మొదట్లో భయం కంటే ఒళ్ళుమంట ఎక్కువ. ఆ మంట ఇడ్లీ పిండి దగ్గర మొదలైంది.

మేం ఫైనలియర్లో ఉండగా ఒక యూనివర్సిటీవాళ్ళు కాన్ఫరెన్స్ పెట్టి, డిగ్రీ చదివేవాళ్ళు కూడా తమ పరిశోధన మీద పేపరు చదవొచ్చన్నారు. మా కాలేజీ నుంచి అంతకుముందు ఎవరూ వెళ్ళలేదు. నేను ఎగిరి గంతేసి పేరిచ్చాను. అప్పట్లో నా మీద నాకు నమ్మకం కాస్త ఎక్కువే; ఇప్పుడూ తక్కువేం కాదు. క్యాన్సర్ మందులు, నానో కణాలు, ఇలాంటి నోరు తిరగని శీర్షికలు ఓ కాగితం నిండా రాసుకుని ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అన్నీ ఓపిగ్గా చదివి, కాగితం మడిచి నాకే ఇచ్చేసి, పొద్దున ఏం తిన్నావని అడిగారు. ఇడ్లీ అన్నాను. ఎలా ఉన్నాయన్నారు. పుల్లగా ఉన్నాయి మేడమ్, ఎండలు మొదలయ్యాయి కదా, మా ఇంట్లో రోజూ ఇదే గొడవ, గిన్నె మంచిది కాదని అమ్మ అంటుంది, మినప్పప్పు మంచిది కాదని నాన్న అంటారు అని చెప్పుకొచ్చాను.

“అయితే ఏ గిన్నెలో పెడితే తక్కువ పులుస్తుందో కనుక్కుని మీ అమ్మగారికి చెప్పు. అదే నీ పేపరు,” అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్క కాలేజీవాళ్ళు క్యాన్సర్ గురించి మాట్లాడుతుంటే నేను వెళ్ళి ఇడ్లీ పిండి గురించి చెప్పాలా? క్లాసులో రెండో రోజుకల్లా నా పేరు ఇడ్లీ సైంటిస్టు అయిపోయింది. మేడమ్‌కి ఈ సంగతి చెబితే, పేరు బాగానే ఉంది, ఉంచుకో అన్నారు. నీ కళ్ళతో చూసి, నీ చేత్తో కొలిచి, అనుమానమొస్తే మళ్ళీ చేసి చూసుకోగలిగినదే నువ్వు ధైర్యంగా చెప్పగలవని, మిగతాదంతా ఎవరి దగ్గరో విన్నదేనని నెమ్మదిగా నచ్చజెప్పారు. నాకు నచ్చలేదు. కానీ ఆవిడ దగ్గర వేరే దారి కూడా లేదు.

పని మాత్రం తమాషాగా ఉండేది. గుణదలలో మా ఇంట్లో అమ్మ సాయంత్రం పిండి రుబ్బగానే దాన్ని మూడు భాగాలు చేసేదాన్ని. ఒకటి ఇంట్లో రోజూ వాడే స్టీలు గిన్నెలో, ఒకటి ప్లాస్టిక్ డబ్బాలో, ఒకటి మట్టి కుండలో పోసి వంటింటి గట్టుమీద వరసగా పెట్టేదాన్ని. పొద్దున్నే ఒక్కోదాంట్లోంచి కాస్త పిండి చిన్న సీసాల్లోకి తీసి, ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని సిటీ బస్సెక్కేదాన్ని. ఒకరోజు సీసా మూత ఎగిరిపోయి పిండి పక్కావిడ చీర మీద పడింది. ఆవిడ తిట్టలేదు పాపం, వాసన చూసి, మీకు టిఫిన్ సెంటరుందా అమ్మాయ్ అని అడిగింది. కాలేజీకి వెళ్ళాక పిండిని నీళ్ళలో కలిపి వడకట్టి, రంగు తేల్చే ఇండికేటరు రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ గొట్టంలోంచి సోడా ద్రావణం చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబీ రంగు వచ్చి నిలిచిన చోట ఆపెయ్యాలి. ఎంత ఎక్కువ ద్రావణం పడితే పిండి అంత పుల్లనన్నమాట.

ఫలితం చూసి నేనే ఆశ్చర్యపోయాను. డబ్బాలోదీ, కుండలోదీ ఇంచుమించు ఒకలాగే ఉన్నాయి. స్టీలు గిన్నెలోది మాత్రం ఎప్పుడు చూసినా తక్కువ పులుపు. ఒక రోజని కాదు, చేసిన ప్రతిసారీ అంతే. గ్రాఫు గీస్తే ముచ్చటేసింది. స్టీలు త్వరగా చల్లబడుతుంది కాబట్టి పిండి ఆలస్యంగా పులుస్తోందని నేనో కారణం కూడా అల్లేశాను. మేడమ్ అయ్యుండొచ్చు అన్నారేగాని ఆ కారణం పేపర్లో రాయనివ్వలేదు. ఫలితం వరకూ సంక్షిప్తంగా రాసి పంపించాం. యూనివర్సిటీవాళ్ళు ఒప్పుకుని, కాన్ఫరెన్స్ పుస్తకంలో అచ్చువేసి, ఒక కాపీ ముందుగానే కాలేజీకి పంపారు. అచ్చులో నా పేరు చూసుకోవడం అదే మొదలు. మాధవి అనే ఆ మూడక్షరాలని ఎన్నిసార్లు తడుముకున్నానో.

అక్కడితో ఆగితే బాగుండేది. మా బాబాయికి వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల షాపుంది. నాన్న తమ్ముడు, కూతుళ్ళు లేరు కాబట్టి నన్నే తన కూతురిగా చెప్పుకుంటాడు. నా ఫలితం సంగతి తెలిసిన మర్నాడే షాపు ముందు బోర్డు వేలాడదీశాడు: పిండి పులవని స్టీలు గిన్నెలు, మా అమ్మాయి రీసెర్చిలో తేలినది. బజారంతా తెలిసిపోయింది. చుట్టాలొస్తే అమ్మ కాఫీతోపాటు ఆ కబురు కూడా అందించేది. గిన్నె కొనడానికి వచ్చినవాళ్ళకి బాబాయి కాన్ఫరెన్స్ పుస్తకంలో నా పేజీ ఫొటో ఫోనులో చూపించేవాడు. ఇడ్లీ సైంటిస్టు అన్న పేరు నాకు అప్పటినుంచి తియ్యగానే వినబడసాగింది.

ఇక పేపరు చదవడం సాధన చెయ్యాలి. ఇచ్చిన సమయం ఏడు నిమిషాలు. మొదటిసారి ల్యాబులో నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి, మేడమ్ వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుని స్టీలు డబ్బా మూత తీశారు. నేను మా కాలేజీ వార్షికోత్సవంలో అందరూ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాను. వేదికనలంకరించిన పెద్దలకు, విచ్చేసిన అతిథులకు, అధ్యక్షులవారికి, నాకీ అవకాశమిచ్చినవారికి, నన్ను ఇంతదాన్ని చేసిన గురువులకు అంటూ ఇంగ్లీషులో దండం మీద దండం పెట్టుకుంటూ పోయాను. వెనకనుంచి ఒకటే కరకర. నేను గిన్నెల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వాచీ చూపించి, అయిపోయింది, దిగిపో అన్నారు. పిండి ఇంకా గిన్నెలో పొయ్యనైనా పొయ్యలేదు మేడమ్ అన్నాను. ఆవిడ నవ్వలేదు.

“చూడమ్మాయ్, అక్కడ నీ ముందూ వెనకా చాలామంది మాట్లాడతారు. వినేవాళ్ళకి విసుగు పుడుతుంది. నేను ఆఖర్న కూర్చుని తింటూనే ఉంటాను. నీ మాట వినబుద్ధయితే నా నోరు దానంతటదే ఆగుతుంది. ఆగలేదంటే తప్పు నాది కాదు,” అన్నారు.

అక్కడినుంచి నాకూ ఆ చేగోడీలకూ యుద్ధమే. గొంతు తగ్గితే కరకర. పుస్తకంలో వాక్యం అప్పజెబితే కరకర. స్టీలు చల్లదనం గురించి నా సొంత కథ అందుకోబోతే, పాపం, ఒకేసారి రెండు చేగోడీలు. దండాలన్నీ పోయి ఒక్క నమస్కారం మిగిలింది. గొంతు గది చివరిదాకా వెళ్ళడం నేర్చుకుంది. గ్రాఫు చూపించేటప్పుడు గ్రాఫు వైపు కాకుండా మనుషుల వైపు చూడటం వచ్చింది. కానీ ఆవిడ నోరు మాత్రం ఒక్కసారీ ఆగలేదు. ఇంటికెళ్ళి అమ్మ దగ్గర ఏడుపు మొహం పెడితే, అన్ని చేగోడీలు తింటే ఆవిడకి అరగొద్దూ అని అమ్మ ఆవిడ గురించి దిగులుపడింది.

ఆఖరి సాధన ఇంట్లో జరగాలన్నది మేడమ్ పద్ధతి. ఏ ప్రాజెక్టైనా సరే, బయటివాళ్ళ ముందు చెప్పేలోపు ఇంట్లోవాళ్ళ ముందు, ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పి తీరాలి, వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పాలి. అలా కాన్ఫరెన్స్ ఇంకో వారముందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఆటోలో మా ఇంటికి వచ్చారు. అమ్మ హడావిడి చూడాలి. బొబ్బట్లు, పులిహోర, కొత్త గ్లాసులు. మేడమ్ అన్నీ రుచి చూసి, బావున్నాయండీ అని, తలుపు పక్కన ఉన్న కుర్చీ ఏరుకుని కూర్చుని డబ్బా తీశారు. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. బాబాయి షాపు మూసి మరీ వచ్చి ముందు కూర్చున్నాడు. అమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

నేను చాలా బాగా చెప్పాను. నిజంగానే బాగా చెప్పాను. స్టీలు గిన్నె దగ్గరికి వచ్చేసరికి బాబాయి చప్పట్లు కొట్టబోయి మేడమ్‌ని చూసి ఆగాడు. అయ్యాక మేడమ్, ఎవరైనా ఏమైనా అడగండి అన్నారు. నాన్న మినప్పప్పు గురించి అడిగారు. అందరూ ఊరుకున్నాక అమ్మ కాస్త మొహమాటంగా, మరి ఉప్పు సంగతి చెప్పలేదేమే అంది. ఏ ఉప్పు అన్నాను.

“అదేనే, నువ్వు పడుకున్నాక నేను స్టీలు గిన్నెలో వేస్తాను కదా. డబ్బా, కుండా నీ కాలేజీవి కదాని వాటి జోలికి పోలేదు. స్టీలు గిన్నె మనదేగా, మూత పెట్టబోతే చెయ్యి ఉప్పు డబ్బా మీదకే వెళ్తుంది,” అంది అమ్మ.

కరకర ఆగిపోయింది. నేను మేడమ్ వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. ఉప్పు వేస్తే పిండి పులవడం మందగించవచ్చని నాకు తెలుసు. ప్రతిరోజూ తప్పకుండా స్టీలు గిన్నెలోనే ఉప్పు పడింది కాబట్టే నా గ్రాఫు అంత ముచ్చటగా వచ్చింది. గిన్నె గొప్పతనమేమీ లేదు. అదంతా అమ్మ చెయ్యి. అదే ఫలితం నా పేరుతో అచ్చయి కూర్చుంది. బాబాయి షాపు ముందు వేలాడుతోంది. వారం తిరిగేసరికి నేను అంతమంది ముందు నిలబడి అదే చదవాలి. ఏం జరిగిందో ఎవరూ విప్పి చెప్పకుండానే నా మొహం చూసి అమ్మకి అర్థమైపోయింది. నా చేతులు పడిపోనూ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదట తేరుకున్నది బాబాయి. అక్కడ కూర్చునేవాళ్ళకి ఈ ఉప్పు సంగతి ఎవరు చెప్పొచ్చారు అమ్మడూ, మీ అమ్మ చెప్పదు, నేను చెప్పను, ఇక మేడమ్ గారంటావా, మంచావిడలా ఉన్నారు, నేను మాట్లాడతానుగా అని నా చెవిలో చెబుతున్నాననుకుని ఇల్లంతా వినబడేట్టు చెప్పాడు. మాట్లాడండి, ఇక్కడే ఉన్నానుగా అన్నారు మేడమ్. బాబాయి నాలిక్కరుచుకున్నాడు. నేను మాత్రం ఆ కాసేపట్లో ఇంకో దారి వెతికేసుకున్నాను. జ్వరమని చెప్పి కాన్ఫరెన్స్ మానేస్తే సరి, ఎవరూ ఏమీ అడగరు. ఆ మాటే పైకి అన్నాను. మేడమ్ డబ్బా మూత పెట్టి సంచిలో వేసుకున్నారు.

“మానేస్తే మానెయ్, నీ ఇష్టం. కానీ నువ్వు వెళ్ళకపోయినా ఆ పేజీ వెళ్తుంది. అచ్చయినదాన్ని నేను చెరపలేను మాధవీ. నువ్వు నిలబడి ఇది తప్పని చెప్పగలవు. అది నీ ఒక్కదానివల్లే అవుతుంది,” అన్నారు.

ఆ తరవాత ఆవిడ నన్ను వదిలేసి అమ్మ దగ్గరికి వెళ్ళారు. ఎంత ఉప్పు వేసేవారో గుర్తుందా అండీ అని అడిగారు. గుర్తేంటండీ, చేతికొచ్చినంత అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. అయితే ఆ చేతికొచ్చినంత ఒకసారి చూపించమన్నారు. అమ్మ నాలుగైదుసార్లు చిటికెడూ గుప్పెడూ కాని ఆ కొలత కాగితం మీద వేసింది. ఒకసారి వేసినంత మరోసారి లేదు. మేడమ్‌కి నవ్వొచ్చింది, ఆ రోజంతట్లో మొదటిసారి. వదినగారూ, మీ చేతిని పేపర్లో రాయలేం, చెంచా వాడదాం అన్నారు. ఆ వదినగారూ అన్న పిలుపుతో అమ్మ ఏడుపు ఆపేసింది. నాకు మాత్రం అక్కడే కూర్చుని బావురుమనాలనిపించింది, కానీ మేడమ్ ఎదురుగా ఉండగా ఏడవడమంటే సిగ్గు. ఏడవలేదు. వెళ్తాను మేడమ్ అన్నాను.

ఆ వారం మా వంటింటికి కాలేజీ రూల్సు వచ్చేశాయి. ఈసారి స్టీలువి రెండు, ప్లాస్టిక్‌వి రెండు, మట్టివి రెండు. ఒక్కో జతలో ఒకదానిలో చెంచాతో కొలిచిన ఉప్పు, రెండోదాంట్లో ఏమీ లేదు. గిన్నెలు బాబాయే తెచ్చిచ్చాడు, మొహం మాడ్చుకునే తెచ్చాడు. మూతలకి గుడ్డ కట్టి ముడివేసేదాన్ని. అమ్మ ఆ గట్టు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే చేతులు కొంగులో చుట్టుకుని వెళ్ళేది. మా ఇంట్లో పిండి ఎక్కువైపోయి వీధి వీధంతా దోశలు తిన్నారు. దొరికిన ఆ కొద్ది రోజుల్లో తేలిందేమిటంటే, గిన్నెల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉప్పు వేసినవి మాత్రం, ఏ గిన్నెలోవైనా, కాస్త ఆలస్యంగా పులిశాయి. కొద్ది రోజులే చేశానన్న మాట కూడా చెప్పాలని మేడమ్ అన్నారు. చెబుతాను అన్నాను. ఆ వారం ఆవిడ నా చేత సాధన చేయించలేదు. ఇప్పుడు నీకు చెప్పడానికి ఒక సంగతుంది, అదే దారి చూపిస్తుందన్నారు.

కాన్ఫరెన్స్ రోజు తెల్లవారగానే బస్సెక్కి వెళ్ళాం. పెద్ద హాలు, ఏసీ చలి, అందరి మెళ్ళో కార్డులు, అందరి చేతుల్లో ఆ పుస్తకం. నా ముందు మాట్లాడినవాళ్ళు దండాలతో మొదలుపెట్టి, సమయం చాలక ఫలితాలు మింగేసి దిగిపోతున్నారు. ఆఖరి వరసలో మేడమ్ తన పని తాను చేసుకుపోతున్నారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి రెండుసార్లు గుర్రుగా చూశాడు కూడా. నా పేరు పిలిచారు. మైకు దగ్గర నిలబడి నమస్కారం పెట్టాను. గొంతు వణకలేదు. గొంతుకి తర్ఫీదు అలాంటిది.

“మీ చేతుల్లో ఉన్న పుస్తకంలో నా పేరు కింద అచ్చయిన ఫలితం తప్పు. అది ఎలా తప్పయిందో, మళ్ళీ చేస్తే ఏం తేలిందో చెప్పడానికి వచ్చాను,” అన్నాను.

ముందు వరసలోవాళ్ళు పుస్తకంలో నా పేజీ తిప్పుకున్నారు. నేను ఆఖరి వరస చూశాను. ముందువాళ్ళ భుజాల మధ్య మేడమ్ కళ్ళద్దాలు, ఆ కింద సగం దాకా లేచిన చెయ్యి, ఆ చేతిలో చేగోడీ. అది నోటిదాకా వెళ్ళలేదు. నేను అమ్మ చెయ్యి గురించి, ఉప్పు గురించి, రెండోసారి కట్టిన గుడ్డల గురించి చెబుతున్నంతసేపూ ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఏడు నిమిషాల లోపే ముగించాను. అధ్యక్షత వహిస్తున్న పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, తప్పని తెలిశాక రాకుండా ఊరుకోవచ్చు కదా, ఎందుకొచ్చావని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. రాకపోతే పుస్తకంలో ఉన్నదే నిలిచిపోతుంది సార్, అది నమ్మి మా బాబాయి ఇప్పటికే గిన్నెలు అమ్మేస్తున్నారు అన్నాను. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, మరి మొదటిసారి చేసినప్పుడు ఆ డబ్బాలో, కుండలో ఎవరి చెయ్యీ పడలేదని చెప్పగలవా అన్నారు. చెప్పలేనండి, అందుకే ఆ లెక్కలేవీ ఇవాళ చూపించలేదు అన్నాను. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నారు.

బహుమతి నానో కణాల అమ్మాయికి వచ్చింది. నాకు వచ్చుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను, అబద్ధమెందుకు. కానీ ఆ మైకు దగ్గరనుంచి దిగినప్పుడున్నంత తేలిగ్గా నా ఒళ్ళు మళ్ళీ ఎప్పుడూ లేదు. మర్నాడు బాబాయి షాపుకి వెళ్ళి నేనే బోర్డు దించమన్నాను. కాసేపు గొణిగి దింపాడు. వారం తరవాత చూస్తే కొత్త బోర్డు ఉంది: మంచి స్టీలు గిన్నెలు, ఉప్పు మీ ఇష్టం. ఆ బోర్డు చూసి నవ్వుకుంటూ లోపలికొచ్చి గిన్నె కొనుక్కునేవాళ్ళు ఎక్కువయ్యారని ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పాడు. మేడమ్‌కి చెబితే, అదీ పేపర్లో రాయాల్సిన ఫలితమే అన్నారు.

కాన్ఫరెన్స్ రోజు తిరుగు బస్సులో మేడమ్ కిటికీ పక్కన కూర్చున్నారు. నాకు ఒక అనుమానం పట్టుకుంది. ఇన్ని సాధనల్లో నా మాటకి ఆగని నోరు సరిగ్గా ఇవాళే ఎందుకు ఆగింది? పిల్ల భయపడుతోంది, ధైర్యం చెబుదామని ఆపి ఉంటారు. పొగడ్త ఏదైనా ఆవిడ నోట రాదు కాబట్టి ఇలా చేసి ఉంటారు. ఉండబట్టలేక అడిగేశాను.

“మేడమ్, చేగోడీ నిజంగా ఆగిందా, మీరు ఆపారా?”

ఆవిడ నా వైపు చూసి, నీకేమనిపించింది అన్నారు. ఆపారనే అనిపించిందండి అన్నాను. ఆవిడ డబ్బా తీసి అడుగున మిగిలిన ఒక్క చేగోడీ నా చేతిలో పెట్టి, తిను అని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నొచ్చుకున్నారో, నవ్వుకున్నారో నాకు తెలియలేదు. ఆ తరవాత నేను ఎమ్మెస్సీ చేశాను, అదే సబ్జెక్టు చెబుతున్నాను. ఆవిడ రిటైరయ్యాక పండక్కీ పబ్బానికీ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని, ఆవిడ మా ఇంటికొచ్చి అమ్మతో ఉప్పు గురించి వేళాకోళమాడేవారు. ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు, ఎప్పుడో ఒకప్పుడు అడగొచ్చులే అనుకున్నాను. రెండేళ్ళ కిందట ఆవిడ పోయారు. ఆ వీధిలో చేగోడీలు మాత్రం ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఆ పెద్దావిడ కోడలు వేయిస్తోంది.

కిందటి నెల మా విద్యార్థిని దివ్య వాళ్ళింటికి ఇబ్రహీంపట్నం వెళ్ళాను. కాన్ఫరెన్స్‌కి ముందు ఇంటికెళ్ళి వినడం నాకూ పద్ధతైపోయింది. బోరు నీళ్ళలో సబ్బుకి ఎందుకు సరిగ్గా నురగ రాదన్నది ఆ పిల్ల పేపరు. ముందుగా వాళ్ళమ్మగారిని, ఈ సీసాల్లో మీరేమైనా చెయ్యి పెట్టారా అండీ అని అడిగాను. ఆవిడ నవ్వి, లేదండీ, అది నన్ను ముట్టుకోనివ్వదు అంది. వీధి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, సంచిలోంచి డబ్బా తీశాను. దివ్య చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పీలగా ఉంది, నేను గట్టిగా కొరికాను. గొంతు పెరిగింది. పుస్తకంలో వాక్యాలు అప్పజెబుతోంది, కొరుకుతూనే ఉన్నాను. ఆ పిల్ల మొహంలో నా మీద ఒళ్ళుమంట స్పష్టంగా కనబడుతోంది. నాకు చెప్పరానంత సంతోషంగా ఉంది. ఇంతలో గ్రాఫు మీద పక్కకి పడిన ఒక చుక్క చూపించి ఆగింది.

“మేడమ్, మా పక్కింటివాళ్ళ బోరు ఒక్కటే వీటితో కలవలేదు. మూడుసార్లు చేశాను. ఎందుకో నాకు తెలీదు. తీసేద్దామనుకున్నానండి, కానీ తియ్యలేదు,” అంది.

నేను వింటున్నాను. ఆ పక్కింటి బోరు ఎంత లోతుందో, ఆ నీళ్ళలో ఏముందో, వెంటనే లేచి వెళ్ళి చూడాలనిపిస్తోంది. దివ్య నా వైపు విచిత్రంగా చూస్తోంది. ఎందుకా అని చూసుకుంటే, నా చెయ్యి సగం దాకా లేచి ఉంది. చేగోడీ నోటిదాకా వెళ్ళలేదు. నేను ఆపలేదు.